ఆస్పత్రి జీపు, నా లైసెన్సు

కొత్తపేట,
18-1-1981, ఆదివారం.

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు వరప్రసాదానికి, మరదలు కృపమ్మకు,

అక్క సరోజిని దీవించి రాసేది. ఇక్కడ అందరం దేవుడి దయవల్ల క్షేమం అని మొదలుపెట్టడం చిన్నప్పటినుంచీ అలవాటు గనక అలాగే మొదలుపెడుతున్నాను. ఆస్పత్రిలో అందరూ క్షేమమే. నా సంగతి కిందకి రాస్తాను. మీరిద్దరూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

క్రిస్మసుకి రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. అంతకు ముందు రాసిన రెండింటికీ రాలేదు. తోడబుట్టకపోయినా తమ్ముడివే, నిష్ఠూరం కాదు. రామచంద్రపురంలో నీ పేరు కలవాళ్ళు ఇంకెవరో ఉండి ఉంటారనీ, నా ఉత్తరాలు వాళ్ళింటికి పోతున్నాయనీ నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఈసారి మీ అమ్మ జయమ్మగారిని అడిగి సందు పేరుతో సహా రాయించుకున్నాను. ఇన్‌లాండు లెటరు చాలదనిపించి కవరు కొన్నాను.

మన జీపు నడుస్తోంది. నువ్వు వెళ్ళాక బాగుచేతకి రావులపాలెం షెడ్డుకి పంపిస్తున్నారు. వాళ్ళు పని బాగానే చేస్తారు గానీ, బానెట్టు ఎత్తగానే ముందు రేడియో పెడతారు. ఇంజను చప్పుడు వినకుండా దాని జబ్బు ఎలా తెలుస్తుందో నాకు అర్థం కాదు. నువ్వయితే గేటు లోపలికి వస్తుండగానే "అక్కగారూ, మూడో సిలిండరు మారాం చేస్తోందండీ" అనేవాడివి. ఆ మాట గుర్తొచ్చి మొన్న ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. నా లైసెన్సు గడువు వచ్చే నెల ఇరవై ఎనిమిదితో తీరిపోతుంది. మూడేళ్ళకోసారి కాగితాలు పెట్టడం నాకు కొత్త కాదు. మిషను దొరసానమ్మగారు తన దేశం వెళ్ళిపోయే ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కాలువ గట్టు మీద జీపు నేర్పినప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు. "నర్సమ్మ జీపు తోలుతోందిరోయ్" అని ఊడ్పులు వదిలేసి గట్టెక్కి చూసేవారు జనం. ఇప్పుడు నాకు యాభై ఏడు. ఈ మధ్యకాలంలో ఒక్కసారి కూడా లైసెన్సు గురించి ఆలోచించిన పాపాన పోలేదు. పెద్ద డాక్టరమ్మగారు నా మొహం కూడా చూడకుండా సంతకం పెట్టేసేవారు.

ఈసారి అలా కాదు. ఆ ప్రమాదం జరిగాక ఆస్పత్రి కమిటీవాళ్ళు జాగ్రత్త పడ్డారు. బయటి డాక్టరు చేత పరీక్ష చేయించుకుని సంతకం తెచ్చుకోవాలట. కాగితాలు పట్టుకుని పది రోజులుగా తిరుగుతున్నాను. నా బల్ల మీద పెడతాను, సొరుగులో పెడతాను, బైబిలు కింద పెడతాను, మళ్ళీ తీస్తాను. ఒక కాగితం డాక్టరు నింపాలి. గుండె జబ్బు ఉందా, ఊపిరితిత్తుల జబ్బు ఉందా అని అందులో ఉంది. రెండోది నేనే నింపి సంతకం చెయ్యాలి. చూపు ఆనుతుందా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తుందా, చెవులు వినిపిస్తాయా, మూర్ఛ గానీ కళ్ళు తిరిగి స్పృహ తప్పడం గానీ ఎప్పుడైనా జరిగిందా. ఒక్కొక్కదానికీ ఎదురుగా అవును, కాదు రాయాలి. చూపుకీ చెవులకీ రాశాను. తక్కినవి తీరిగ్గా రాద్దామని ఉంచాను.

నా గుండె సంగతి నీకు తెలియదు. పోయిన వానాకాలం నుంచి వార్డు మెట్లెక్కితే రొమ్ము మీద రోలు పెట్టినట్టు ఉంటోంది. నాలిక కింద పెట్టుకునే మాత్ర వాడుతున్నాను. పెడితే రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. నలుగురికీ మందులిచ్చే మనిషిని, నా మాత్ర మాత్రం జాకెట్లో దాచుకుని తిరుగుతున్నాను. మన ఊరి నరసింహమూర్తి డాక్టరుగారి దగ్గరకి వెళ్ళాను. వాళ్ళ కోడల్ని పోయినేడు నేనే జీపులో రాజమండ్రి చేర్చాను కదా, ఆ విశ్వాసం ఆయనకి చాలా ఉంది. "మీకు సంతకం పెట్టకపోతే ఇంకెవరికి పెడతానండీ! అయినా ఓసారి కాకినాడలో గుండె పరీక్ష చేయించుకు వచ్చేయండి, నాకూ ధైర్యంగా ఉంటుంది" అన్నారు. వెళ్ళాలి.

ఇవాళ ఆరాధన అయ్యాక జయమ్మగారు ఎప్పట్లాగే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. మీ అమ్మగారు ప్రతి ఆదివారం ఏమంటారో నీకు తెలుసో తెలియదో. "మావోడు చేసిన పనికి నువ్వు పోవలసినదానివమ్మా. ప్రభువు నిన్ను దాచేడు. వాణ్ణి క్షమించెయ్యమ్మా" అంటారు. ఏడాది దాటిపోయింది, ఒక్క వారం మానలేదు. నేను తల ఊపి వచ్చేస్తాను. ఇంటికి వచ్చి ఆ చెయ్యి కడుక్కుంటాను. ఎందుకు కడుక్కుంటానో అడక్కు.

నీకు తెలియనిది రాయడం లేదు, కానీ కలం పట్టుకుంటే అంతా మొదటినుంచీ వస్తోంది. డెబ్బై తొమ్మిది నవంబరు పదమూడున ముక్తేశ్వరం నుంచి భూలక్ష్మిని నొప్పుల మీద తీసుకొస్తుంటే పలివెల అవతల జీపు గట్టు దిగి కాలువలోకి ఒరిగింది. భూలక్ష్మి అత్తగారి చెయ్యి విరిగింది. నా తలకి తొమ్మిది కుట్లు పడ్డాయి. గట్టు మీదే భూలక్ష్మికి ఆడపిల్ల పుట్టింది, బతికి బట్టకట్టింది. జీపు పైకి తీస్తే బ్రేకు పైపు తెగి ఆయిలంతా కారిపోయి ఉంది. అంతకు రెండు రోజుల ముందే నువ్వు బ్రేకులు విప్పి బిగించావు. ఇంక ఎవరూ వేరే కారణం వెతకలేదు. కమిటీవాళ్ళు నిన్ను రావద్దన్నారు. మిగతా బళ్ళవాళ్ళు నీ షెడ్డు ముఖం చూడ్డం మానేశారు. అప్పటినుంచి ఇప్పటిదాకా నీ మీద నేను ఒక్క మాట కూడా ఎవరికీ చెప్పలేదు తమ్ముడూ. ఇది నువ్వు నమ్మాలి.

నువ్వు అక్కడ సైకిలు షాపులో పంక్చర్లు వేస్తున్నావనీ, లారీ షెడ్డువాళ్ళు పిలిచినా వెళ్ళలేదనీ జయమ్మగారు చెప్పారు. "నా చేతి మీద నాకే నమ్మకం పోయిందమ్మా అంటున్నాడు" అని కళ్ళు తుడుచుకున్నారు. ఈ మాట నిజమేనా? నిజం కాదని ఒక్క ముక్క రాయి. కార్డు మీదైనా సరే.

ఇట్లు,
నీ అక్క,
సరోజిని.

తా.క. ఇంకొక సంగతి రాద్దామనే ఇంత కవరు కొన్నాను. లేబరు రూములోంచి పిలుపు వచ్చింది.


కొత్తపేట,
8-2-1981.

తమ్ముడు వరప్రసాదానికి,

సరోజిని దీవెనలు. నీ దగ్గరనుంచి కార్డు రాలేదు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను. ఈ మధ్య ఏ పని మీదా మనసు నిలవడం లేదు. సూదులు మరిగించడానికి పెట్టి స్టవ్వు వెలిగించడం మరిచిపోయాను. పిల్ల నర్సులు నవ్వారు.

మొన్న గురువారం కాకినాడ వెళ్ళాను. జీపులో కాదు, బస్సులో ముక్తేశ్వరం వెళ్ళి అక్కడినుంచి లాంచీ మీద కోటిపల్లి దాటాను. రేవులో ఎవరో "నర్సమ్మగారండోయ్" అని కేకేశారు. చూస్తే భూలక్ష్మి. లాంచీలో కొబ్బరికాయల బస్తాల మధ్య కూర్చుని ఉంది. ఒళ్ళో పిల్ల, ఆ పిల్లే. బుగ్గలు వచ్చాయి. నన్ను చూసి ఏడవలేదు సరిగదా, నా ముక్కు పట్టుకుంది. ద్రాక్షారామంలో పుట్టింటికి వెళుతోందట. అత్తగారి చెయ్యి ఇంకా పూర్తిగా పైకి లేవదట, అయినా వంట చేస్తోందట. తర్వాత సిగ్గుపడుతూ, మళ్ళీ నెల తప్పిందనీ, శ్రావణమాసంలో కానుపనీ చెప్పింది. "ఈసారి కూడా మీ జీపే రావాలండీ. మా ఇంట్లో వాళ్ళందరికీ చెప్పేసేను, నర్సమ్మగారు తోలితేనే ఎక్కుతానని" అంది.

నేను లాంచీ అంచు పట్టుకుని గోదావరి చూస్తూ నిలబడ్డాను. మంచి ఎండ. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నేను మాత్రం కోటిపల్లి రేవు వచ్చేదాకా వెనక్కి తిరగలేదు.

కాకినాడలో గుండె డాక్టరుగారు చిన్నవాడే. చేతులకీ కాళ్ళకీ తీగలు తగిలించి పొడుగాటి కాగితం తీశాడు. చూసి, "సిస్టర్, మీ గుండె మధ్యమధ్య ఒక దెబ్బ వదిలేసి కొట్టుకుంటోంది" అన్నాడు. నలభై ఏళ్ళుగా నాడి చూసేదాన్ని, నా నాడి నాకు తెలియదా! తెలుసు. రోజూ పడుకునే ముందు పట్టుకుని చూసుకుంటాను. పది లెక్కపెట్టేలోపు ఎక్కడో ఒక చోట మెట్టు విరిగినట్టు ఉంటుంది. "ఎప్పుడైనా కళ్ళు చీకట్లు కమ్మి పడిపోయారా?" అని అడిగాడు. లేదండీ అన్నాను. "బరువు పనులు చేస్తారా?" లేదండీ. "ఇంకేమైనా చెప్పాలా?" లేదండీ. ఆయన కలం ఆపి నన్ను చూసి, "నర్సులూ డాక్టర్లూ ఒక్కరూ రోగం నిజం చెప్పరు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. జీపు తోలతానని చెప్పలేదు. ఆయన అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు రామచంద్రపురంలో ఆగింది. ముందే అనుకున్నాను దిగాలని. నీ సందు పేరు చీటీ మీద రాసుకుని సంచీలో పెట్టుకున్నాను. దిగి వెతకాల్సిన పనే లేకపోయింది. బస్సు ఆగిన చోటికి ఎదురుగానే షాపు. నువ్వు గట్టు మీద గొంతుక్కూర్చుని, సైకిలు ట్యూబు నీళ్ళ బానలో ముంచి బుడగలు చూస్తున్నావు. జుట్టు ముందువైపు నెరిసింది. చిక్కిపోయావు. పక్కన ఒకాయన సైకిలు పట్టుకుని తొందరపెడుతున్నాడు. నువ్వు తల ఎత్తలేదు. ట్యూబు ఎంత కొంచెం కొంచెంగా తిప్పుతున్నావో! ఒకసారి చూసిన చోట మళ్ళీ ముంచి చూస్తున్నావు. మూడోసారి కూడా ముంచావు. ఇంజను మొత్తం గోనెపట్టా మీద పరిచి, సాయంత్రానికల్లా కళ్ళు మూసుకుని బిగించే మనిషివి, ఒక్క ట్యూబు చిల్లు కోసం మూడుసార్లు చూశావు.

కండక్టరు "దిగేవాళ్ళు దిగండమ్మా" అన్నాడు. నేను లేచాను. సంచీ భుజానికి తగిలించుకున్నాను. నా వెనకాల ఉన్నావిడ "దారి ఇయ్యండమ్మా" అంటే పక్కకి తప్పుకున్నాను. ఆవిడ దిగింది. నేను మళ్ళీ కూర్చున్నాను. బస్సు కదిలింది. కోటిపల్లి దాకా నన్ను నేను తిట్టుకుంటూ వచ్చాను. ఒక్కటే ప్రశ్న, దిగితే ఏం చెప్పేదాన్ని? బాగున్నావా తమ్ముడూ అని అడిగి, టీ తాగి వచ్చేసేదాన్నేమో. అందుకే దిగలేదేమో.

డాక్టరుగారి సంతకం ఇంకా కాలేదు. బుధవారం రమ్మన్నారు. అమలాపురంలో లైసెన్సులిచ్చే బ్రేకు ఇన్స్పెక్టరు కేంపు ఇరవై నాలుగో తారీకున. ఈలోగా ఆ మిగిలిన ఖాళీలు నింపాలి. కలం పెట్టబోతే ఎవరో ఒకరు పిలుస్తున్నారు. ఎవరూ పిలవకపోతే నేనే లేచి వెళ్ళి వార్డులో ఎవరికైనా పని ఉందేమో అడుగుతున్నాను.

కృపమ్మనీ పిల్లలనీ అడిగానని చెప్పు.

నీ అక్క,
సరోజిని.


కొత్తపేట,
11-3-1981, బుధవారం.

తమ్ముడు వరప్రసాదానికి,

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. ఇక్కడ ఎండలు ముదిరాయి. మన కాంపౌండులో బోరింగు పంపు మళ్ళీ పాడైంది. కొత్తగా వచ్చిన పిల్ల నర్సులు ఇద్దరు చేతికి అందివచ్చారు. కానుపులు ఒంటి చేత్తో చేస్తున్నారు.

నా లైసెన్సు రాలేదు. గుండె సంగతి చూసి డాక్టరుగారు సంతకం పెట్టలేదు. ఆయన్ని తప్పు పట్టను, వయసు మీరాక ఇలాంటివి మామూలే. ఇరవై ఎనిమిదో తారీకున పగటి రోగులంతా వెళ్ళిపోయాక జీపులో కాసేపు కూర్చుని, తాళం చెవులు పెద్ద డాక్టరమ్మగారికి ఇచ్చేశాను. ఆవిడ "నీ తర్వాత దీన్ని ఎవరు తోలుతారే!" అన్నారు. తోలేవాళ్ళు దొరికారు. సూర్యనారాయణ అని అయినవిల్లి కుర్రాడు, మిలిటరీలో ట్రక్కు తోలి వచ్చాడు. మంచివాడే. స్టీరింగు పట్టుకోగానే బొమ్మలాగా నిటారుగా కూర్చుంటాడు.

మొన్న శుక్రవారం కపిలేశ్వరపురం వైపు నుంచి కబురు వస్తే వాడే వెళ్ళాడు, పక్కన చిన్న నర్సుతో. ఇరవై అయిదేళ్ళలో నేను లేకుండా జీపు కానుపు మీద గేటు దాటడం అదే మొదటిసారి. వాళ్ళు తిరిగొచ్చేదాకా వరండాలో అటూ ఇటూ తిరిగాను. వాడు ఇప్పుడు గేరు మారుస్తాడు అనుకున్నప్పుడల్లా నా కాలు దానంతట అదే నొక్కుకునేది. తల్లీ బిడ్డా క్షేమంగా వచ్చారు. అందరికంటే ముందు నేనే పరిగెత్తి స్ట్రెచరు పట్టుకున్నాను. మెట్లమీద మాత్ర వేసుకోవాల్సి వచ్చింది. అదొక్కటే.

భూలక్ష్మికి కబురు పంపాను, ఈసారి జీపు వస్తుంది గానీ నేను తోలనని. వెనక సీట్లో పక్కన కూర్చుంటానని చెప్పమన్నాను.

ఇంతకన్న విశేషాలు లేవు. ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మీ మేలు కోరే అక్క,
సరోజిని.

తా.క. కవరు అంటించాను. పోస్టు డబ్బా దాకా వెళ్ళి తిరిగి వచ్చి చించాను. ఇప్పుడు తలుపు గడియ పెట్టుకుని రాస్తున్నాను. ఎవరు పిలిచినా లేవను.

డాక్టరుగారు సంతకం పెట్టలేదని పైన రాసింది అబద్ధం. నరసింహమూర్తి డాక్టరుగారు సంతకం పెట్టారు. కాకినాడ కాగితం చూసి, కాస్త నసిగి, "నెమ్మదిగా తోలుతారు కదండీ, మీరేవన్నా లారీలు తోలుతారా" అని పెట్టేశారు. ఆ కాగితాలు తీసుకుని ఇరవై నాలుగున అమలాపురం వెళ్ళాను. లారీ డ్రైవర్లంతా "పెద్దమ్మగారు ముందు వెళ్ళండి" అని నన్ను వరసలో ముందుకి తోశారు. ఇన్స్పెక్టరుగారు దూరంగా నిలబెట్టిన మోటారు సైకిలు నంబరు చదవమన్నారు. చదివాను. కాగితం చూస్తూ చూస్తూ ఒకచోట ఆగి, "అమ్మా, స్పృహ తప్పడం అన్నచోట పొరపాటున అవును అని రాసేరండి. కొట్టేసి పక్కన సంతకం పెట్టేయండి" అని కలం నా చేతికిచ్చారు.

పొరపాటు కాదండీ అన్నాను.

"ఎప్పుడు జరిగిందండీ?"

డెబ్బై తొమ్మిది నవంబరు పదమూడు, సాయంత్రం నాలుగు గంటలప్పుడు.

"ఇంట్లోనా, ఆస్పత్రిలోనా?"

స్టీరింగు దగ్గర అన్నాను. ఆయన నా చేతిలోంచి కలం తీసుకుని మూత పెట్టేశారు.

తమ్ముడూ, ఆ రోజు పలివెల మలుపు ఇంకా రానేలేదు. రోడ్డు తిన్నగా ఉంది. ఎదురుగా బండి లేదు, మనిషి లేడు. వెనకాల భూలక్ష్మి మూలుగుతోంది, వాళ్ళత్తగారు ముందుకి వంగి ఇంకెంత దూరమమ్మా అని అడుగుతోంది. ఎడమ చెయ్యి చల్లబడింది. రోడ్డు అంచులనుంచి నల్లబడుతూ వచ్చింది, దీపం వత్తి తగ్గించినట్టు. ఆపాలని తెలుసు. కాలు ఎత్తి బ్రేకు మీద వెయ్యాలని తెలుసు. కాలు నా మాట వినలేదు. తర్వాత తెలిసింది నీళ్ళ చప్పుడు. ఆ పైపు గట్టు దిగేటప్పుడు రాయి తగిలి తెగింది, ముందు కాదు.

అది మొదటిసారి కూడా కాదు. అంతకు ముందు రెండుసార్లు వార్డులో అలాగే అయింది. ఒకసారి మందుల బీరువా పట్టుకుని నిలబడిపోయాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే జీపు నా చేతిలోంచి తీసేస్తారని.

నన్ను గట్టు మీద కూర్చోబెట్టి ఎవరో ఒకాయన తలకి కండువా చుడుతూ, "బ్రేకు పట్టలేదేంటమ్మా?" అని అడిగాడు. నేను అవునన్నట్టు "ఆయ్" అన్నాను.

అంతే. మళ్ళీ నన్నెవరూ అడగలేదు. ఆ మాట నాకంటే ముందు ఆస్పత్రికి చేరింది, నా కుట్లు వేసేలోపు కమిటీకి చేరింది. లేచి తిరిగే రోజున చెబుదామనుకున్నాను. లేచేసరికి నువ్వు షెడ్డు ఖాళీ చేసి వెళ్ళిపోయావు. నీ మీద ఒక్క మాట కూడా చెప్పలేదని మొదటి ఉత్తరంలో రాశాను. అది నిజమే. అంత పాపిష్టి నిజం ఇంకొకటి నేను రాసి ఎరగను.

భూలక్ష్మి లాంచీలో ఆ మాట అనకపోతే ఇప్పటికీ ఖాళీలో కాదు అని రాసేదాన్నేమో. శ్రావణమాసంలో ఆ పిల్లని ఎక్కించుకుని మళ్ళీ అదే రోడ్డు మీద వస్తున్నట్టు నాకు కళ్ళముందు కనబడుతూనే ఉంది. నీకోసం చెప్పానని రాస్తే నాకు గౌరవంగా ఉంటుంది. కానీ ముందు ఆ భయమే నాచేత రాయించింది. నువ్వు తర్వాత వచ్చావు. ఇది కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి.

జరిగిందంతా కాగితం మీద రాసి సోమవారం పెద్ద డాక్టరమ్మగారికి ఇచ్చాను. ఆవిడ చదివి, కళ్ళజోడు తీసి, "పదహారు నెలలా సరోజినీ?" అన్నారు. శనివారం కమిటీ కూర్చుంటుంది. నీ మీద కమిటీ పుస్తకంలో ఎక్కడ తప్పు రాశారో అక్కడే దిద్దాలనీ, ఆదివారం ఆరాధనలో అందరిముందూ నా కాగితం చదవాలనీ అడిగాను. నర్సు పని ఉంచుతారో తీసేస్తారో వాళ్ళ ఇష్టం. భూలక్ష్మి అత్తగారి దగ్గరకి కూడా వెళ్ళి చెప్పాలి. ఇంకా వెళ్ళలేదు.

మీ అమ్మగారికి నిన్న చెప్పాను. వాకిట్లో కొబ్బరి ఈనెలు చీరుతున్నారు. నేను చెప్పడం మొదలుపెట్టి ముగించేదాకా చీరుతూనే ఉన్నారు. ఆఖరికి కత్తి కింద పెట్టి, "ప్రతి ఆదివారం నీ చెయ్యి పట్టుకుని ఏడ్చేను కదమ్మా, అప్పుడైనా ఓ మాట అనలేకపోయేవా?" అన్నారు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేను దడి దాటుతుంటే వెనకనుంచి, "వాడికి నువ్వే రాయి. నేను చెబితే తల్లి గనక ఓదారుస్తోంది అనుకుంటాడు" అన్నారు.

ఇంటికొచ్చి రాయడానికి కూర్చుంటే ఏమొచ్చిందో చూశావు కదా. బోరింగు పంపూ, కొత్త నర్సులూ వచ్చాయి. డాక్టరు మీదికి తోసేశాను. అలవాటు పడ్డ చెయ్యి.

క్షమించమని అడగను. ఆ మాట మీ అమ్మగారు నీ తరఫున నన్ను అరవైసార్లు అడిగారు, ఇంక ఆ మాటకి నా దగ్గర విలువ మిగల్లేదు. తిరిగి కొత్తపేట వస్తావో రావో నీ ఇష్టం. వచ్చినా నా గుమ్మం తొక్కనక్కర్లేదు. ఈ ఉత్తరం కృపమ్మకి చదివి వినిపించు. మీ షాపు ఆయనకీ, లారీ షెడ్డువాళ్ళకీ, ఎవరికి కావాలంటే వాళ్ళకి చూపించు. అందుకే పేరూ తారీకూ వేసి రాస్తున్నాను.

లారీ షెడ్డువాళ్ళు మళ్ళీ పిలిస్తే వెళ్ళు తమ్ముడూ. నీ చేతికి ఏ లోపమూ లేదు. ఆ రోజు జీపు బ్రేకులు నువ్వు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. నేను తొక్కనేలేదు.

సరోజిని.